భూమికి అతి దగ్గరి నక్షత్రం

జిగ్స్ మొంతెరోకి ప్రశ్న చదవడం రాదని నాకు మొదటి రౌండులోనే తెలిసిపోయింది. అక్షరాలు వచ్చు. పళ్ళు బావుంటాయి, జుట్టు ఇంకా బావుంటుంది. ఇలోయిలో నగరపు టీవీలో విద్యార్థుల క్విజ్ నడపడానికి ఆ మాత్రం చాలనుకున్నారు కాబోలు. ప్రశ్న సగం చదివి కెమెరాకి కన్నుకొట్టేవాడు, మిగతా సగం ఎక్కడ వదిలేశాడో తరవాత వెతుక్కునేవాడు.

నేను గిమరాస్ దీవిలో ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆ ఏడు మా పిల్లలు ఫైనల్ దాకా వచ్చారు. కెప్టెన్ జెసెల్ గానొలాన్, పదో తరగతి. కోపిష్టి పిల్ల. ఎవరైనా తప్పు చెబితే ఊరుకుంటుంది గాని, ఆ తప్పు ఒప్పుకోకపోతే ఊరుకోదు. నేను బోర్డు మీద పొరపాటు రాస్తే చెయ్యెత్తేది కాదు. పెన్ను కింద పెట్టి, నేను దిద్దుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది.

మా ప్రిన్సిపల్ మిసెస్ గరిబయ్ ఏడాది పొడుగునా సాయంత్రాలు మా గదికొచ్చి, క్విజ్ పేరుతో కరెంటు తగలేస్తున్నావని నన్ను సాధించిన మనిషి. ఫైనల్ రోజు మాత్రం అందరికన్నా ముందే రేవులో తయారు. జుట్టు వంకీలు తిప్పించుకుంది, కొత్త గౌను తొడుక్కుంది. పడవలో పిల్లలకి ఆవిడ చేసిన బోధ ఒక్కటే. కెమెరా మీ మీదికి రాగానే నా పేరు చెప్పండి, స్పష్టంగా చెప్పండి అని.

అవతలి జట్టు నగరంలో పెద్ద ప్రైవేటు స్కూలు. వాళ్ళ కెప్టెన్ ఇన్యాకి సోలివార్, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మా పిల్లలు పలకరిస్తే తలూపాడు, తల ఎత్తలేదు. రిహార్సల్లో జిగ్స్ ఏదో మాట తప్పుగా పలికితే, మీరు ఇందాక అన్నది మళ్ళీ ఒకసారి అంటారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. జిగ్స్ పాపం మళ్ళీ అలాగే పలికాడు. అందరూ నవ్వారు గాని ఆ పిల్లాడు నవ్వలేదు. జెసెల్‌కి వాణ్ణి చూస్తే ఒళ్ళు మండింది. వీణ్ణి ఓడించకుండా పడవెక్కను మేడమ్ అంది నాతో.

న్యాయనిర్ణేత డాక్టర్ పలోమార్. కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పిన గురువు. ప్రశ్నలన్నీ రాసింది ఆయనే. ఆయన కూర్చున్న చోట అన్యాయం జరగదు, నువ్వు జవాబుల సంగతి చూసుకో అని జెసెల్‌కి నేనే ధైర్యం చెప్పాను. ఆయన మీద నాకున్న గౌరవానికి అదే ఆఖరి రోజు.

ఆట మొదటినుంచీ నువ్వా నేనా అన్నట్టు సాగింది. చరిత్రలో వాళ్ళు ముందుకు పోతే సైన్సులో మేం అందుకున్నాం, లెక్కల్లో దాటాం, భూగోళంలో మళ్ళీ వెనకబడ్డాం. ఆఖరి గంట కొట్టేసరికి ఇద్దరివీ ఒకటే మార్కులు. ఇక కెప్టెన్లిద్దరే నిలబడాలి. ఒక్క ప్రశ్న. ముందు బజర్ నొక్కినవాళ్ళు తప్పు చెబితే రెండోవాళ్ళకి అవకాశం.

జిగ్స్ కార్డు తీశాడు. ప్రేక్షకులకి చెయ్యూపాడు. కార్డు వైపు చూసీ చూడకుండా అడిగేశాడు.

"భూమికి అతి దగ్గరగా ఉన్న నక్షత్రం ఏది?"

జెసెల్ బజర్ మోగింది. "సూర్యుడు."

జిగ్స్ పగలబడి నవ్వాడు. "సూర్యుడట! పడవలో ఎండ గట్టిగా తగిలినట్టుంది పాపకి."

హాలంతా నవ్వింది. వాడు నవ్వమంటే నవ్వడానికి, చప్పట్లంటే చప్పట్లకి తెచ్చి కూర్చోబెట్టిన జనం. సంగతి నాకు వెంటనే అర్థమైంది. కార్డు మీద 'సూర్యుడు కాకుండా' అని ఉండి ఉంటుంది. చెయ్యూపే హడావిడిలో ఆ రెండు మాటలూ మింగేశాడు.

నవ్వు ఆగేదాకా జెసెల్ ఆగింది. "మీరు అడిగినదానికి జవాబు అదే సార్. ఇంకో జవాబు కావాలంటే ఇంకోలా అడగాల్సింది."

కోచ్ అభ్యంతరం చెప్పొచ్చని నిబంధన ఉంది. లేచి చెప్పాను. డాక్టర్ పలోమార్ తన ముందున్న కాగితం చూసుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరసలో స్పాన్సర్ల వైపు ఒకసారి, ఎర్రగా వెలుగుతున్న కెమెరా దీపం వైపు ఒకసారి చూశారు. సూర్యుడు నక్షత్రమని నాకు చెప్పిన మనిషే ఆయన. అది కూడా ఎంత బాగా చెప్పారనుకున్నారు!

"కార్డు మీద ఉన్న జవాబు వేరు. తీర్పు అంతిమం," అన్నారు, నా మొహం చూడకుండా.

మిసెస్ గరిబయ్ నా జాకెట్టు అంచు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో డెల్ఫీ. వీళ్ళకి కోపమొస్తే వచ్చే ఏడు మనల్ని పిలవరు." అక్కడితో ఆగలేదు. జెసెల్ వైపు తిరిగి, రెండు వేళ్ళతో తన పెదాలు సాగదీసి, నవ్వు నవ్వు అని సైగ చేసింది.

జిగ్స్ అవతలి బల్ల మీదికి వాలాడు. "ఇన్యాకీ బాబూ, కప్పు నీ చేతికి అందేంత దూరంలో ఉంది. తొందరేం లేదు, ఆలోచించి చెప్పు."

చెప్పుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూశాడు ఆ పిల్లాడు. "సూర్యుడు."

"అది తప్పని ఇప్పుడే అనుకున్నాం కదా బాబూ."

"మీరనుకున్నారు. నేను విన్నాను. సూర్యుడే."

వెంటనే ప్రకటనలు వేసేశారు. ఆ విరామంలో వాళ్ళ కోచ్ ఇన్యాకిని మోచెయ్యి పట్టి బల్ల దగ్గర్నుంచి లేపేశాడు, పిల్లాడికి నలతగా ఉందని చెప్పి అదనపు ఆటగాణ్ణి నిలబెట్టాడు. పలోమార్ గారు దానికీ తలూపారు. ఆ రోజు ఆయన మెడ ఎటు కావాలంటే అటు తిరిగింది. రెండు జవాబులూ తప్పేనని కొట్టేసి ఇంకో ప్రశ్న తీశారు, ఆక్టోపస్‌కి గుండెలెన్ని అని. మా దీవిలో పసిపిల్లలు కూడా చెబుతారు. జెసెల్ బజర్ నొక్కి, మూడు అంది, జిగ్స్ మొహం కూడా చూడకుండా.

గెలిచాం. పైనుంచి రంగు కాగితాలు రాలాయి. మిసెస్ గరిబయ్ నన్ను దాటుకుని, పిల్లల్ని దాటుకుని, సరాసరి కెమెరా ముందుకి వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకుంది. క్రమశిక్షణ గురించి, సాయంత్రాలు తను పడ్డ శ్రమ గురించి చెప్పింది. పలోమార్ గారు మైకు తీసుకుని, నమ్మినదాని మీద నిలబడే పిల్లలే దేశానికి కావాలన్నారు. ఆయన పతకం వెయ్యబోతే జెసెల్ మెడ వంచలేదు. చెయ్యి చాచి తీసుకుంది, జేబులో వేసుకుంది.

అందరూ కాల్చిన పంది విందుకి వెళ్ళారు. జెసెల్ నన్ను వెనక మెట్ల వైపు లాక్కుపోయింది. ఇన్యాకి అక్కడ మెట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు, టై విప్పేసి.

"అసలు జవాబు తెలిసే అలా చెప్పావా?" అని నిలదీసింది.

"ప్రాక్సిమా సెంటారీ. తెలియకపోవడమేంటి?"

"నా మీద జాలిపడ్డావా?"

"నీ మీదా? నువ్వు నాకెవరు? ఆ జుట్టువాడు మెచ్చుకోడానికి నేను తప్పు జవాబు చెప్పాలా? అలా గెలవడం నాకు చిన్నతనం."

నాకు వాణ్ణి ముద్దుపెట్టుకోవాలనిపించింది. జెసెల్‌కి అలాంటిదేం అనిపించలేదు. దానికి కావలసింది వేరు. "నేను నిన్ను ఓడించలేదు. మీ అదనపువాణ్ణి ఓడించాను. మేడమ్, మీరు అడగండి. ముందు ఐదు చెప్పినవాళ్ళు గెలిచినట్టు."

ఎండలో ఆ మెట్ల మీద నేను నోటికొచ్చిన ప్రశ్నలు అడిగాను. బజర్ బదులు మెట్టు మీద చేత్తో కొట్టారు. అలాంటి ఆట నేను అంతకుముందు చూడలేదు. ప్రశ్న పూర్తి కాకుండానే చెయ్యి పడేది. తప్పయితే తప్పేనని నేననకముందే వాళ్ళే అనేవాళ్ళు. నాలుగూ నాలుగు మీద ఉండగా, పలోమార్ గారు మాంసం పొట్లం పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. ఇంకా ఆడుతున్నారా పిల్లలూ అని ముచ్చటపడ్డారు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఇన్యాకి ఆయన పట్టేంత మేరకే మోకాళ్ళు జరిపాడు. ఆయన పక్కగా దిగి వెళ్ళిపోయారు. నేనూ నమస్కారం పెట్టలేదు.

ఆఖరి ప్రశ్నకి ఇన్యాకి చెయ్యి ముందు పడింది, జవాబు సరిగ్గా చెప్పాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నువ్వు తొందరపడతావు," అన్నాడు జెసెల్‌తో. అంతే, వెళ్ళిపోయాడు. బయట కారులో వాళ్ళ కోచ్ తన పక్క సీటు మీద సంచి పెట్టేసుకుని కూర్చున్నాడు. పిల్లాడు వెనక ఎక్కాడు.

పడవెక్కాక జెసెల్, వాడు నిజంగానే మంచి ఆటగాడు మేడమ్, కానీ వాడి మొహం నాకు ఇప్పటికీ నచ్చలేదు అంది.

వారం తిరిగేసరికి స్కూలు గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నడిమధ్య మిసెస్ గరిబయ్, తలుపంత మొహం. పక్కన మేయరు. ఎందుకో జిగ్స్ మొంతెరో కూడా. పిల్లల మొహాలు అడుగున గుండీలంత ఉన్నాయి. ఊళ్ళో ఎవరు మెచ్చుకున్నా, గెలిచింది నేను కాదు, వాడే అసలు గెలిచాడు అని జెసెల్ ఉన్నదున్నట్టు చెప్పేది. చూశారా, పిల్లకి ఎంత అణకువో అని ఇంకా మెచ్చుకునేవాళ్ళు. చివరికి చెప్పడం మానేసి, ఎవరైనా అభినందించబోతే మొహం పక్కకి తిప్పుకుని నడిచిపోవడం మొదలుపెట్టింది.