సీసం పట్టిన తొక్కలు

ఆ ఇంటి పెద్దావిడకు పారేయడం అన్న మాటే గిట్టదు. ఉల్లిపొట్టు మొదలు గుడ్డపేలిక దాకా ఆమె చేతిలో పడ్డదేదీ వృథాగా పోదు. అలాంటి మనిషి, పక్కనే ఉన్న కొడుకు బ్యాటరీల షెడ్డు వెనక మూడు బస్తాల నారింజ తొక్కల పొడి మూలన పడి ఉంటే చూస్తూ ఊరుకుంటుందా?

ఆ పొడి కోడలి పుణ్యం. ఆమెది నీళ్ల పరీక్షల ల్యాబులో ఉద్యోగం. పాత బ్యాటరీలు కడిగిన నీళ్లలో సీసం ఉంటుందని, అది కాలువలో కలిస్తే వీధి వీధంతా అనుభవించాలని మొగుడి చెవినిల్లు కట్టుకుని పోరింది. పళ్లరసాల దుకాణం నుంచి తొక్కలు తెప్పించి, ఎండబెట్టి, పొడి కొట్టి పీపాలో నింపింది. కడుగునీళ్లను అందులోంచి బొట్టుబొట్టుగా దింపింది. సీసం తొక్కలకు అతుక్కుపోయింది, కింద కారిన నీళ్లు పరీక్షలో నెగ్గాయి. వాడేసిన పొడిని బస్తాకెత్తి, ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్లే బండికి ఇవ్వాలి. ఈ సంగతి మొగుడికి చెప్పింది, పనివాళ్లకు చెప్పింది, అత్తకు మాత్రం చెప్పలేదు. చదువుకున్నవాళ్ల తెలివి ఒక్కోసారి అలాగే ఏడుస్తుంది.

పెద్దావిడ ఒక బస్తా మోయించుకెళ్లి పెరట్లో పాలకూర మడికి ఎరువుగా వేసింది. ఆకులు అరచేతంత పెరిగాయి. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేది ఆవిడా, ఆరేళ్ల మనవరాలే. నెలరోజులుగా ఇద్దరికీ అదే కూర.

బండి వచ్చే రోజున ఒక బస్తా తగ్గిందేమని కోడలు అడిగితే, అత్త గర్వంగా మడి చూపించింది. కోడలు గట్టు మీదే కూలబడింది. సీసం ఎక్కడికీ పోలేదని, నీళ్లలోంచి తొక్కల్లోకి, తొక్కల్లోంచి మట్టిలోకి, మట్టిలోంచి ఆకుల్లోకి వచ్చిందని, పసిపిల్లల మెదడుకు అది చేటని, ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలని మెల్లగా చెప్పింది. చెప్పకపోవడం తన తప్పేనంది.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండునని పెద్దావిడకు అనిపించింది.

"ముందు నా రక్తం తీయించమ్మా," అంది. "నేను రుచి చూడకుండా పిల్లకేదీ పెట్టలేదు."

గుమ్మంలో నిలబడి వింటున్న మనవరాలు తలొంచుకుంది.

"నేను తినలేదు నానమ్మా. నువ్వు లోపలికెళ్లినప్పుడల్లా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేశాను."

"రోజూనా?"

"మొదటిరోజు తిన్నాను. బాగోలేదు."

మెతుకు కింద పడితే చీవాట్లు పెట్టే మనిషి, పిల్లను ఒళ్లోకి లాక్కుని వలవలా ఏడ్చింది. ఆ సాయంత్రమే మడి మొత్తం, మట్టితో సహా, బస్తాలకెత్తించింది.

వారానికి పరీక్షల కాగితాలొచ్చాయి. పిల్ల రక్తంలో భయపడాల్సిందేమీ లేదు. పెద్దావిడ రక్తంలో మాత్రం సీసం కాస్త ఎక్కువే ఉంది, నెల తరవాత మళ్లీ చూడాలన్నారు. కోడలు పిల్ల కాగితం మాత్రమే చదివి వినిపించింది. అత్తే ఆమె చేతిలోంచి రెండో కాగితం తీసుకుంది.

"నాలో ఉంటే ఉండనీవే," అంది. "పిల్లలో లేదుగా."