మిర్నా చేతులు

మూడో ఫొటోలో కూడా పిల్లాడి మొహం ఆకుపచ్చగానే వచ్చింది, పాచి పట్టినట్టు. మిర్నా దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసి పక్కన పడేసింది. గులాబీ సిరా దిగడం లేదు. కెనడాలోని ఈ రెజైనాలో చలి ముదిరితే ఇంతే. రాత్రంతా హీటర్ తిరిగి గది గాలి అప్పడంలా ఎండిపోతుంది. ప్రింటర్ హెడ్‌లో వెంట్రుకకన్నా సన్నని రంధ్రాల్లో సిరా గట్టిపడిపోతుంది.

"క్లీనింగ్ బటన్ ఉందిగా, నొక్కు," అంది బ్రిన్ గుమ్మంలోంచి. పాత యజమాని మనవరాలు. మొన్ననే ఈ ఫొటో కొట్టు ఆమె చేతికొచ్చింది. ఒకటో తరగతిలో ఆమె బడి ఫొటో తీసి ఇచ్చింది కూడా మిర్నాయే.

"నాలుగుసార్లు నొక్కానమ్మాయ్. సిరా తగలడిపోవడమే గానీ గడ్డ కరగదు. నానబెట్టాలి."

"నీదీ దానిదీ ఒకటే జబ్బు. పొద్దున్నే కదలరు."

మిర్నా నవ్వేసింది. బ్రిన్ ఏమన్నా నవ్వేస్తుంది. ఈ ఉద్యోగంతో వచ్చే బీమా లేకపోతే మొగుడు వాల్టర్‌కి గుండె మందులు కొనే దారి లేదు. అయినా ఇరవై ఆరేళ్లలో ఈ హెడ్ బాగుచేయడం తనకు తప్ప ఎవరికీ పట్టుబడలేదు. ఆ ధైర్యంతోనే రాత్రిళ్లు అతని పక్కన కాస్త కునుకు తీస్తుంది.

బ్రిన్ దగ్గరికొచ్చి ఫోను తీసింది. "చేస్తూ చెప్పు, వీడియో తీస్తాను. ఇంత పనితనం నీతోనే పోతే ఎలా?"

మిర్నా బుగ్గలు వేడెక్కాయి. ఇన్నేళ్లలో తన పని గురించి అడిగినవాళ్లు లేరు. జుట్టు సవరించుకుంది.

"మొహం వద్దులే. చేతులు చాలు," అంది బ్రిన్.

మిర్నా చేతులు కడుక్కొచ్చింది. గోళ్ల సందుల్లో మరకలు మాత్రం పోలేదు. శుద్ధి చేసిన నీళ్లు వెచ్చజేసి, పసిబిడ్డ పాలు చూసుకున్నట్టు మణికట్టు మీద చుక్క వేసుకుంది. ప్లగ్గు తీసి, హెడ్‌ని పక్కకి జరిపి, తడిగుడ్డ కింద పరిచి, హెడ్‌ని మళ్లీ దాని మీదికి తెచ్చింది. ఎంత తడి ఉండాలో, ఎంతసేపు ఆగాలో ఏదీ దాచుకోకుండా చెప్పింది.

రెండు గంటలాగి, డబ్బాలో తెచ్చుకున్న పెరోగీలు, చల్లారిపోయిన ఆలూ కుడుములు, నాలుగు తిని, గుడ్డ తీసేసి, పరీక్ష కాగితం కొట్టింది. గీతలన్నీ తెగకుండా వచ్చాయి. తర్వాత పిల్లాడి ఫొటో.

"చూడమ్మాయ్, బుగ్గలు చూడు!"

బ్రిన్ చూసింది. "బాగుంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు మిర్నా. తాళంచెవి బల్ల మీద పెట్టెయ్."

మిర్నా ఫొటోని ఇంకా చూపిస్తూనే ఉంది. "మరి ఈ పని..."

"వీడియో ఉందిగా."

"వాల్టర్ మందులు, బీమా..."

"నెలాఖరు దాకా ఉంటుంది. ఆ తర్వాత అంటావా, నన్నడిగితే ఎలా?"

అలవాటు కొద్దీ మిర్నా నవ్వింది. కోటు బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, "నీళ్లు మరిగించకు, గోరువెచ్చగానే ఉండాలి," అంది. తలుపు మూసుకుంది.

సరిగ్గా వచ్చిందో లేదోనని బ్రిన్ వీడియో పెట్టింది. ముసలి గొంతు చిరాకనిపించి శబ్దం తీసేసింది. బల్ల మీది ఫోనులో రెండు ముడతల చేతులు, గోళ్ల అంచున గులాబీ మరకలతో, పీచు తగలకుండా గుడ్డ కొసల్ని ఓపిగ్గా లోపలికి మడుస్తున్నాయి.