బుధవారం పని

అతని పేరు చాలామందికి తెలియదు. అతనితో పని పడ్డవాళ్ళ ఫోన్లలో అతను "కంప్యూటర్" అనే ఉన్నాడు. తలుపు తీసినవాళ్ళు కూడా లోపలికి తిరిగి "కంప్యూటర్ వచ్చాడు" అని కేకేస్తారు. నలభై దాటిన మనిషిని అలా పిలిస్తే బాగుండదని వాళ్ళకూ తోచలేదు, అతనూ ఏనాడూ సరిదిద్దలేదు.

ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి. చేసే పని కొంత, చెప్పే పని బోలెడు. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టుకోండి, అన్నిటికీ ఒకటే పెట్టకండి, ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన మెయిళ్ళు తెరవకండి, అప్‌డేట్లు ఆపకండి, పోగొట్టుకోలేనివన్నీ విడి డిస్కులోకి కాపీ చేసుకుని, వైరు పీకి ఆ డిస్కు బీరువాలో పడేయండి. వైరు పీకమనడం దగ్గర మాత్రం రెండోసారి చెప్పేవాడు. వైరస్ వస్తే తగిలించి ఉన్నవన్నీ దానికి దొరికిపోతాయి కదా. విన్నవాళ్ళు బుద్ధిగా తలలూపేవాళ్ళు, అతను మెట్లు దిగేలోపే మర్చిపోయేవాళ్ళు.

పని ముగించుకుని అతను తన గదికి వచ్చేవాడు. బట్టల కొట్టు మీది గది. మంచం, బల్ల, ఒక కుర్చీ, మూల పేర్చిన పాత కంప్యూటర్ల డొక్కులు. రెండో కుర్చీ అవసరం ఎప్పుడూ పడలేదు. ఫోన్ మోగిందంటే ఎవరింట్లోనో ఏదో చెడిపోయిందని అర్థం. అన్నీ సవ్యంగా నడుస్తున్నవాళ్ళు అతన్ని ఎందుకు తలుచుకుంటారు? డాక్టర్లకైనా దారిలో నమస్కారం పెడతారు గానీ, కంప్యూటర్ బాగుచేసేవాడికి ఎవరు పెడతారు?

బుధవారం సాయంత్రం ఒక్కటే వేరు. ఆ రోజు టైపు మేడమ్ వంతు.

ఆవిడ ఒకప్పుడు టైపు నేర్పే బడి నడిపింది. ఇప్పుడు ఒక్కతే ఉంటుంది. వయసు మీద పడ్డాక చెవులు పూర్తిగా పోయాయి. చెవి మిషన్ పెట్టుకుంటే రొద తప్ప మాట వినపడదని దాన్ని డబ్బాలో పెట్టేసింది. ఫోన్‌లో మాట్లాడటం కుదరదు కాబట్టి ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆవిడ మెసేజ్‌లో కోడ్ పంపుతుంది, అతను తన గదిలోంచే ఆవిడ కంప్యూటర్‌లోకి వెళతాడు, తెర మీద నోట్‌ప్యాడ్ తెరుస్తాడు. అక్కడ ఆవిడ ఒక లైను, అతను ఒక లైను.

"వచ్చావా నాయనా? రెండు వేళ్ళతో కోడి గింజలు ఏరుకున్నట్టు కొడతావు. నా దగ్గర నేర్చుకునుంటే ఈపాటికి పెద్ద ఆఫీసులో ఉండేవాడివి."

"మీ దగ్గరికొస్తే స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారటగా మేడమ్."

"అందుకే అందరూ బాగుపడ్డారు."

అప్‌డేట్లు దిగుతూ ఉండేవి. ఫైళ్ళు డిస్కులోకి కాపీ అవుతూ ఉండేవి. ఆ నీలం గీత నెమ్మదిగా నిండుతుంటే, ఇంకా నెమ్మదిగా నిండితే బాగుండునని అతనికి ఉండేది.

అందులో ఒక ఫోల్డరు ఆవిడకి ప్రాణం. భర్తకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో టైపు చేయడం ఆవిడే నేర్పింది. ఆవిడ నోటితో అడిగేది, ఆయన తెర మీద జవాబు కొట్టేవాడు. పోయేదాకా అలాగే మాట్లాడుకున్నారు. అందుకే ఆ ఫైళ్ళలో ఒక వైపు మాటలే ఉంటాయి. "కిటికీ వెయ్యి." "కాదు, నాకు నిద్ర రావట్లేదు, నువ్వు పడుకో." "ఇవాళ నీకు కోపం, గిన్నెల చప్పుడు చూస్తే తెలుస్తోంది." ఆ రెండో వైపు తనేమందో ఇప్పటికీ గుర్తుందని ఆవిడ అతనికి రాసింది. రోజూ ఒక ఫైలు తెరిచి చదువుకుంటుందట.

ఇంత తెలిసీ అతను ఒక పాడు పని చేశాడు. ఆవిడ కొత్త కంప్యూటర్ కొని, కొట్టువాళ్ళు వచ్చి డిస్కుతో సహా బిగించి వెళ్ళాక, అన్నీ వాటంతటవే జరిగేలా మొదట అతనే పెట్టాడు. అప్‌డేట్లకి ఎవరూ అక్కర్లేదు. డిస్కు ఎలా తగిలించాలో, ఎలా పీకాలో ఆవిడకి రెండు ముక్కల్లో నేర్పొచ్చు. అది చూసి ఆవిడ, "అయితే ఇక నీతో పని లేదన్నమాట" అని సరదాకి కొట్టింది. సరదాకే. అతను మాత్రం ఆ లైనునే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఆ సాయంత్రమే అప్‌డేట్లు ఆపేశాడు. "డిస్కు అలాగే తగిలించి ఉంచండి మేడమ్, మీరు ముట్టుకోకండి, వారం వారం నేను చూసుకుంటాను" అని రాశాడు. ఊరందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పే రెండు మాటలనీ తనే తుంగలో తొక్కాడు. వారం వారం తను ఉండగా ఏమవుతుందిలే అనుకున్నాడు.

తర్వాత పచ్చకామెర్లు వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. పక్క మంచం చుట్టూ ఎప్పుడూ జనమే. ఇతని మంచం పక్క కుర్చీని కూడా వాళ్ళే అడిగి పట్టుకెళ్ళారు. కొన్నాళ్ళు రాలేనని మేడమ్‌కి మెసేజ్ పెట్టాడు. "ఒళ్ళు జాగ్రత్త నాయనా. కంప్యూటర్ సంగతి నేను చేసుకోవలసిందేమైనా ఉంటే చెప్పు" అని వెంటనే జవాబు వచ్చింది. అప్‌డేట్లు ఆన్ చేసి డిస్కు పీకండి అంటే సరిపోయేది. కానీ ఆ మాట చెబితే కోలుకున్నాక వెళ్ళడానికి తనకేం మిగులుతుంది? "ఏం అక్కర్లేదు మేడమ్" అని పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి వచ్చాక, ఇంకా బుధవారం రాకముందే ఆవిడ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయాయి. ఏదీ తెరుచుకోవడం లేదు. డబ్బు కడితే ఇస్తామని తెర మీద రాసి ఉంది. నువ్వొకసారి రాగలవా?"

లాప్‌టాప్ సంచీలో వేసుకుని పరుగున వెళ్ళాడు. ఆవిడ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఆవిడ గొంతు వినడమూ అదే మొదలు. తన గొంతు తనకి వినపడని మనిషి కాబట్టి, కాస్త గట్టిగా మాట్లాడింది.

"బాగా నీరసించి ఉన్నావు. కూర్చో. ముందు నీళ్ళు తాగు."

అతను తాగలేదు. తెర ముందు కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. కరెంటు బిల్లు పేరుతో వచ్చిన మెయిల్‌ని ఆవిడ తెరిచింది. వైరస్ చొరబడ్డ కంతని పూడ్చే అప్‌డేట్, అతను ఆసుపత్రిలో ఉండగా వచ్చి, దించుకునే దిక్కు లేక ఆగిపోయి ఉంది. తగిలించి ఉన్న డిస్కులోనూ అన్నిటికీ తాళాలు పడ్డాయి. భర్త ఫోల్డరు అక్కడా తెరుచుకోలేదు, ఇక్కడా తెరుచుకోలేదు. డబ్బు కట్టినా వాళ్ళు తిరిగిస్తారన్న నమ్మకం లేదు. తనకు తెలిసిన దారులన్నీ వెతికి చూశాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ అతని మొహం చూసి అర్థం చేసుకుంది.

"నాదే తప్పు నాయనా. చిలక్కి చెప్పినట్టు చెప్పావు, తెలియని మెయిల్ తెరవొద్దని. బిల్లు కదా అని నొక్కాను. నా చేతులారా నేనే ఆయన్ని పోగొట్టుకున్నాను."

ఏడవలేదు ఆవిడ. బల్ల మీద తన రెండు చేతుల్నీ పరాయివాళ్ళ చేతుల్లా చూసుకుంటోంది. జీవితమంతా ఆ వేళ్ళతోనే బతికిన మనిషి.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కంప్యూటర్ తుడిచి కొత్తగా ఎక్కించి ఇస్తే, ఆవిడ దీవించి, వచ్చే వారం మళ్ళీ కోడ్ పంపేది. ఎప్పటికీ తనని తానే తిట్టుకుంటూ ఉండేది. అంతే తేడా.

అతను తన లాప్‌టాప్ తీసి నోట్‌ప్యాడ్ తెరిచాడు. రెండు వేళ్ళతో చాలాసేపు కొట్టాడు.

"మీ తప్పు కాదు మేడమ్. అప్‌డేట్లు నేనే ఆపేశాను. డిస్కు పీకకుండా ఉంచింది కూడా నేనే. ఒక్క మెయిల్ తెరిచినంత మాత్రాన అన్నీ పోకూడదు. డిస్కు బీరువాలో ఉంటే ఆయన మాటలు ఉండేవి. వారం వారం మీతో మాట్లాడటానికి నాకు ఒక పని కావలసి వచ్చింది."

లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. ఆ చప్పుడు విన్నది అతనొక్కడే.

"మాట్లాడాలని ఉంటే ఆ మాటే అడగొచ్చు కదా," అంది ఆవిడ. "నేను కాదంటానా? బుధవారం ఎప్పుడొస్తుందా అని నేను కూడా చూసేదాన్ని."

ఆవిడ తాళం పడ్డ తెర వైపు తిరిగింది.

"ఆయన గొంతు ఎలా ఉండేదో నాకెప్పుడో మరుపొచ్చింది. ఆ అక్షరాలే మిగిలాయి నాకు," అంది. తిడితే బాగుండునని అతను ఎదురు చూశాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది.

అతను పని మొదలుపెట్టాడు. అంతా తుడిచి కొత్తగా ఎక్కించాడు. అప్‌డేట్లు వాటంతటవే దిగేలా పెట్టాడు. ఆవిడ తిరిగొచ్చి పక్కన నిలబడితే డిస్కు తగిలించడం, కాపీ చేయడం, వైరు పీకడం చూపించాడు. ఆవిడ ఒకసారి చేసి చూపించింది. ఎక్కడా తడబడలేదు.

"ఇంతేనా? ఇక నాకెవరూ రానక్కర్లేదా?"

అక్కర్లేదని తలూపాడు. సంచీ సర్దుకోబోయి, ఆగి, మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట కావడంతో, కొట్టి చెరిపి, మళ్ళీ కొట్టాడు.

"పనేమీ లేకపోయినా రావచ్చా మేడమ్?"

ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచింది.

"ఈ బుధవారం వద్దు," అంది.

అతను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు. మెట్లన్నీ దిగేదాకా ఆ మాటనే పట్టుకుని దిగాడు. ఆవిడ వద్దన్నది ఈ బుధవారమే.