దించు నాయినా

రండమ్మా, గుమ్మంలో నిలబడ్డవాళ్లు కూడా ముందుకి జరగండి. శ్రీకూర్మం స్వామికి ఒక్కసారి దండం పెట్టుకోండి. కొండని వీపున మోసినవాడాయన. బరువు సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

కోటబొమ్మాళి దాటాక ఓ చిన్న సంత ఊరు. ప్రతి ఆదివారం కూర్మమ్మ సముద్రపొడ్డు నుంచి ఆటోలో వచ్చి, చేపల గంప నెత్తికెత్తుకుని సంతలోకి నడిచేది. ఆవిడ "దిగు" అంటే ఏదైనా దిగేది. పిల్లల జ్వరం దిగేది. కప్పెక్కిన కోడి దిగేది. కొబ్బరి దింపుకి మనిషి రాని రోజు కూర్మమ్మకే కబురు. ఆవిడ చెట్టు కింద నిలబడి అడిగితే కాయలు ఒకదాని వెనక ఒకటి, మెట్లు దిగినట్టు దిగొచ్చేవి. ఇందులో వింతేముందని అక్కడెవరూ అనుకోరు. ఒక్కటే చిక్కు, ఆవిడ మాటకి దిగింది మళ్లీ ఎక్కదు. అందుకే తన గంపకి మాత్రం ఆ మాట చెప్పేది కాదు. రేపు మళ్లీ ఎత్తుకోవాలి కదా!

సంత మొదట్లో గంపలు దించుకునేందుకు పెద్దలు నాటిన రాతిదిమ్మ ఉండేది. ప్రెసిడెంటు జగన్నాధం దాన్ని పీకించి, రేకుల షెడ్డు కట్టించి, కుర్చీ వేసుకున్నాడు. పోయిన వారం కూర్మమ్మ తోడికోడలు తవిటమ్మ, గంప దించేవాళ్లు లేక, దాంతోపాటే పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"దించాలి!" అంది సంతంతా. పేపరువాళ్లు గద్దె దించడమంటారు, ఆఫీసువాళ్లు అవిశ్వాసమంటారు. వార్డు మెంబర్లు రెండుసార్లు కాగితం పెట్టారు. రెండుసార్లూ లేచిన చేతులు చాలలేదు.

"ఒసే కూర్మీ, నీకు కాయితాలేటికే? ఒక్క మాట సెప్పు," అంది తవిటమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

"దిగితే ఆడు మరెక్కలేడప్పా."

"ఎక్కకపోతేనే మంచిది. ఆడు సైకిలు కూడా ఎక్కకూడదు!"

కూర్మమ్మ గంపతోనే షెడ్డు ముందుకెళ్లింది. సగం సంత వెనకే నడిచింది. జగన్నాధం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. లేస్తే ఎవరు కూర్చుంటారోనని నెలల తరబడి ఆయన టిఫినూ అక్కడే, కునుకూ అక్కడే. భుజాలు చెవులదాకా ఎక్కిపోయి ఉన్నాయి.

"అత్తా, ఆ మాటనకు. నీకేటి కావాలో సెప్పు."

కూర్మమ్మ నోరు తెరిచింది. 'ది' అనే అక్షరం బయటికొచ్చేసింది కూడా. అప్పుడు ఆ భుజాలు కంటబడ్డాయి. దించేవాళ్లు లేని బరువెలా ఉంటుందో ఆవిడ మెడకి తెలుసు.

"...దించు, నాయినా. మెడ ఇరిగిపోతన్నాది."

"ఓలమ్మో, దిగమనవే అంటే దించమంటాదేటి!" అని వెనకెవరో గొణిగారు.

గంప దించడానికి రెండు చేతులూ కావాలి. జగన్నాధం కుర్చీని చూశాడు, గంపని చూశాడు. లేచాడు. గంప దిగింది. దాంతోపాటే ఆయన భుజాలూ దిగాయి. తెల్లచొక్కా నిండా చేపల నీళ్లు.

వెనక్కి తిరిగేసరికి కుర్చీలో తవిటమ్మ కూర్చునుంది.

"ఏటలా సూస్తావు? సెయ్యిరిగినదాన్ని!"

ఆయన ఏదో అనబోయాడు. ఈలోగా ఇంకో గంప వచ్చి నిలబడింది. "బాబూ, దించు!" దాని వెనక మరొకటి.

పై ఆదివారానికి షెడ్డు లేదు, రాతిదిమ్మ దాని చోటికి అది వచ్చింది. దిమ్మ ఉన్నా ఆడవాళ్లు జగన్నాధాన్నే పిలుస్తారు, ఆయన పరుగెడతాడు. ఆ కుర్చీ మళ్లీ ఎక్కలేదు. ఆయన్ని దించారా, ఆయనే దించాడా అన్నది ఆ ఊళ్లో ఇప్పటికీ తేలలేదు.

కథంతా మరిచిపోయినా ఫరవాలేదు తల్లీ, ఈ ఒక్క పని గుర్తుంచుకోండి. నెత్తిన బరువుతో మనిషి ఎదురైతే అడిగేదాకా ఆగకండి. చేతిలో ఉన్నది వదిలేసి, రెండు చేతులా దించండి. ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పండి. ఆ కాసేపు స్వామి వీపు మీద కొండ కూడా తేలికపడుతుంది.