మొద్దుబారిన చెయ్యి

దర్జీకి కుడి మణికట్టు ఆపరేషన్ పొద్దున్నే అయిపోయింది. ఏళ్ల తరబడి కత్తెర పట్టీ పట్టీ అక్కడి నరం నలిగిపోయింది. సూదిలో దారం ఎక్కించడమే గగనమైంది. మనిషిని నిద్రపుచ్చకుండా, చంకలో మత్తు సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబార్చారు. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపొమ్మన్నారు.

పంపేముందు మత్తు డాక్టరమ్మ అతని చేతిని మెడలోంచి పట్టీతో వేలాడదీసి మరీ మరీ చెప్పింది.

"స్పర్శ వచ్చేదాకా దీన్ని పసిపిల్లలా చూసుకోవాలి. పొయ్యి దగ్గరికి అస్సలు వెళ్లొద్దు."

"అసలు చెయ్యి ఉన్నట్టే లేదమ్మా! ఇక పొయ్యితో నాకేం పని?" అని నవ్వాడు దర్జీ.

ఇంటికొచ్చాక భార్య అతన్ని పడుకోబెట్టి, చేతికింద దిండు పెట్టింది. తెల్లవారకముందు నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవలేదు. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే కునుకు తీసింది. మెడ పక్కకు వాలిపోయింది. చూస్తే దర్జీకి జాలేసింది. తనకా, నొప్పన్నదే లేదు. ఆమె లేచేసరికి వేడిగా టీ చేతికిద్దామని వంటింట్లోకి నడిచాడు.

ఎడంచేత్తో స్టవ్ వెలిగించి పాలు పెట్టాడు. పై అరలోని చక్కెర డబ్బా కోసం మునివేళ్ల మీద లేచినప్పుడు మెడలో పట్టీ జారింది. చెయ్యి దుంగలా వాలి, కాగుతున్న గిన్నెకు ఆనుకుంది. అతనికి తెలియలేదు. డబ్బాను పొట్టకు అదుముకుని, బిగిసిన మూతతో కుస్తీ పడుతున్నాడు. కమురు వాసన వచ్చింది. పాలు మాడుతున్నాయనుకున్నాడు.

"ఏమండీ! చెయ్యి! మీ చెయ్యి!"

భార్య పరుగున వచ్చి భుజం పట్టి లాగింది. మోచేతి కింద చర్మం తెల్లగా పొక్కి ఊడొచ్చింది. ఎవరి గాయాన్నో చూస్తున్నట్టు చూశాడు దర్జీ.

మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తారు. "చెప్పాను కదండీ..." అని మొదలెట్టిన డాక్టరమ్మ, వాళ్ల ముఖాలు చూసి ఆగిపోయింది. "లోతుగానే కాలింది. కుట్లకేం కాలేదు, అదే నయం" అంటూ కట్టు కట్టింది.

బయట బెంచీ మీద భార్య నిలదీసింది. "ఎవరడిగారు మిమ్మల్ని టీ? నా పాడు కళ్లు అప్పుడే మూతపడాలా?"

"నీ తప్పేముందే? నొప్పి లేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నా."

పొద్దువాలేసరికి వేలికొసల్లో చీమలు పాకాయి. కాసేపటికి కోత నొప్పి, కాలిన మంట కలిసి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. మాత్రలు వేసినా తగ్గలేదు. ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి దిండు కొరుకుతూ ఏడ్చాడు. 'అమ్మయ్య, చెయ్యి బతికే ఉంది' అనుకుంది భార్య. అలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మణికట్టు త్వరగానే మానింది. కాలిన గాయం మాత్రం నెలల తరబడి వేధించింది. దర్జీ మళ్లీ కత్తెర పట్టాడు. ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కాలే తొడుగుతున్నాడు. ఎవరి కంటైనా మచ్చ పడి అడిగితే "ఆపరేషన్‌దేలే" అంటాడు. పక్కనే ఉన్నా భార్య కాదనదు.