పెద్ద గుర్రం పొట్ట కింద

మా ఆయనకి పాత రోజుల జబ్బు. దానికి మందు లేదు. ఊళ్ళో ఉన్న ఆటల పార్కు గురించి ఎవరు నోరెత్తినా, "ఇప్పుడేముందండీ అక్కడ, అప్పట్లో చూడాలి" అని మొదలుపెడతాడు. ఆయనలాంటి వాళ్ళంతా కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. టికెట్ల గది తలుపు మొదట్లో ఎరుపా, గోధుమరంగా అని కొన్నాళ్ళు కొట్టుకున్నారు. ఒకాయన అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోతే మర్నాడు బతిమాలి తెచ్చుకున్నారు. నాకు ముక్కుమీద కోపం. వంటింట్లోంచే అరిచేదాన్ని.

"ఆ తలుపు చెదలు తిని పోయింది. మనింటి తలుపుకి గడియ పడట్లేదు, ముందు దాని సంగతి చూడండి."

ఆయన పెయింటర్. కుర్రతనం నుంచీ ఆ పార్కులోనే పని. బోర్డులు, పడవలు, భూతాల గుహ, అన్నిటికంటే ముఖ్యంగా గుర్రాల రంగులరాట్నం. నన్ను మొదట చూసింది కూడా దాని మీదే. అందులో మిగతావాటికంటే ఎత్తుగా ఉండే పెద్ద గుర్రానికి పసుపు రంగు వేసి, తడి ఆరలేదన్న బోర్డు పెట్టడం మర్చిపోయాడు మహానుభావుడు. నేను ఎక్కి దాని మెడ మీద చెయ్యి వేశాను. చెయ్యంతా పసుపు, బట్టలంతా పసుపు. నేను తిట్టిన తిట్లకి పార్కంతా ఆగి చూసింది. ఆయన మాత్రం నా చెయ్యి అచ్చుపడ్డ చోట మళ్ళీ కుంచె పెట్టలేదు. వాళ్ళ మేస్త్రి ఎన్ని చివాట్లు పెట్టినా దిద్దలేదు. కొన్నేళ్ళకి దాని మీద ఇంకో పూత పడేదాకా అది అలాగే ఉంది. ఈ సంగతి పెళ్ళయ్యాక చెప్పాడు. పైకి వెక్కిరించాను గానీ లోపల మురిసిపోయాను.

ఆ మేస్త్రి దగ్గరే ఆయనకి ఒక అలవాటు అబ్బింది. గుర్రానికి ఎన్నిసార్లు రంగు మార్చినా, పొట్ట కింద అరచెయ్యంత మేర మాత్రం పూర్తిగా కప్పరు. పాత పూతలన్నీ మెట్లు మెట్లుగా కనపడేలా వదిలేస్తారు. తర్వాత వచ్చే పెయింటర్ వంగి చూస్తే ఏ రంగు మీద ఏ రంగు పడిందో తెలిసిపోతుంది. ఎవరి నోటి మాటా నమ్మొద్దు, పొట్ట కింద చూడు అని మేస్త్రి అనేవాడట. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేదాన్ని.

ఈసారి వానలకి పార్కు మూసినప్పుడు మేనేజర్ ఆయన్ని పిలిచి, జనమంతా పాతదనం కావాలంటున్నారు, రాట్నాన్ని మొట్టమొదటి రంగులోకి తేవాలి అన్నాడు. ముందు నమూనాగా పెద్ద గుర్రం ఒక్కటీ చెయ్యాలి. పొట్ట కింది ముక్క వదిలేసి పూతలు ఒక్కొక్కటే గీకి, ప్రతిదానికీ సరిపోయే రంగు కలిపి డబ్బాలో దాచి, అడుగున ఉన్న నీలం దాకా వెళ్ళాలి. ఆ రోజు మా ఆయన ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు.

పైనున్న తెలుపు గీకేసిన సాయంత్రం, ఇంట్లోకి వస్తూనే గోడ మీద లేని స్విచ్చి కోసం తడిమాడు. ఇల్లు బాగు చేయించకముందు స్విచ్చి అక్కడే ఉండేది. నేను నవ్వాను. దాని కింది ఊదా పూత కూడా పోయాక, కాళ్ళు కడుక్కుంటూ, "మీ నాన్నకి దగ్గు తగ్గిందా?" అని అడిగాడు. మా నాన్న పోయి చాలాకాలమైంది. ఎంత మామూలుగా అడిగాడంటే, తగ్గిందండీ అనబోయి నాలుక కరుచుకున్నాను.

అదే వారంలో ఒక ఉదయం నేను వరండాలో నిలబడి ఉన్నాను. చేతిలో చిన్న దువ్వెన, వేలికి చుట్టుకున్న రిబ్బను. ఎవరికి జడ వెయ్యడానికి వచ్చానో గుర్తు రాలేదు. మా పెద్దమ్మాయి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, తన తల తనే దువ్వుకుంటుంది. ఎదురుగా ఖాళీ పీట. స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడైతే లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచి వండింది వండినట్టు మిగిలిపోవడం మొదలైంది. చెయ్యి కొలత తప్పుతోంది, వయసు మీద పడుతోంది అనుకున్నాను.

ఆ తర్వాత ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన పెద్దమ్మాయి వైపు చూసి, "ఎవరే ఈ పాప? పక్కింటివాళ్ళ అమ్మాయా? మొహమాటపడుతోంది, ఇంకాస్త వడ్డించు" అన్నాడు.

"హాస్యానికి హద్దుండాలి" అని నేను కసిరాను. ఆయన బిత్తరపోయి చూశాడు. పొద్దున్నే మేం లేవకముందే పనికి వెళ్ళిపోయాడు.

బడికి బయల్దేరిన పెద్దమ్మాయి కాసేపటికే తడిసి ముద్దయి తిరిగొచ్చింది.

"బస్సు ఆగలేదమ్మా. డ్రైవర్ అంకుల్ నా వంక చూడనేలేదు."

"చెయ్యి ఊపావా?"

"రెండు చేతులూ ఊపాను. నిన్న క్లాసులో కూడా టీచర్ నా పేరు పిలవలేదు. నా చోట్లో ఇంకో అమ్మాయి కూర్చుంది. లే అంటే వినపడనట్టే ఉంది." తడి సంచీ దించకుండానే నా ముందు నిలబడింది. "అమ్మా, నాకేమైంది?"

బడికి ఫోన్ చేసి దులిపేద్దామని ఫోన్ తీశాను. తెర మీద మేం ముగ్గురం దిగిన ఫొటో ఉంటుంది. మధ్యలో ఎవరూ లేరు. నా చెయ్యీ ఆయన చెయ్యీ ఎవరి భుజాల మీదో వేసినట్టు గాలిలో ఆగి ఉన్నాయి.

నారింజ అయిపోవచ్చింది, పొద్దున్నకల్లా పసుపు తేలుతుంది అని రాత్రి ఆయన అన్న మాట అప్పుడు తగిలింది. పెద్ద గుర్రానికి నారింజ రంగు వేసిన ఏడాదే మా పెద్దమ్మాయి పుట్టింది. మెడ నిలబెట్టడం రాగానే తీసుకెళ్ళి దాని మీదే కూర్చోబెట్టాం. ఆయన గీకుతున్నది రంగుని కాదు. ఒక్కో పూతా ఊడుతుంటే దానితోపాటు ఆ ఏళ్ళూ ఊడిపోతున్నాయి.

పిల్ల చెయ్యి పట్టుకుని వానలోనే పరుగు తీశాను. పార్కు గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు ఎత్తి చూశాడు. "ఒక్కరే వచ్చారేంటమ్మా, ఈ వానలో?"

పెద్దమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గట్టిగా పట్టుకున్నట్టు దాని ముఖంలో తెలుస్తోంది గానీ నా చేతికి తెలియడం లేదు.

రాట్నం చుట్టూ టార్పాలిన్లు కట్టి ఉన్నాయి. లోపల పెద్ద గుర్రం నిండా పసుపు. మా ఆయన దాని మెడ ముందు, చేతిలో రంగు గీకే రేకుతో కదలకుండా నిలబడి ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకి తిరిగి, కొత్తవాళ్ళతో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"పార్కు మూసేశామండీ. వానలు తగ్గాక రండి."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని జరగదని ఆపుకున్నాను. "ఏం చేస్తున్నారు?" అన్నాను.

"ఈ పసుపు కూడా తీసేస్తే కింద నీలం ఉందండీ. మేనేజర్ గారికి అదే కావాలి. కానీ ఇక్కడ చూడండి, ఎవరో తడి రంగు మీద చెయ్యి పెట్టారు. పొద్దుటి నుంచీ చూస్తున్నాను, గీకబుద్ధి కావట్లేదు."

నేను దగ్గరికెళ్ళి ఆ అచ్చు మీద చెయ్యి ఆనించాను. వేళ్ళు కుదిరాయి. అరచెయ్యి కాస్త బయటికొచ్చింది, ఇన్నేళ్ళలో లావెక్కాను మరి. ఆయన నా చేతి వంకా ముఖం వంకా మార్చి మార్చి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరా? ఆ రోజు మీ బట్టలకంటిన రంగు పోయిందా అండీ?"

"పోలేదు. ఆ సంగతి తర్వాత. ముందు నారింజ డబ్బా తియ్యండి."

డబ్బాలన్నీ రాట్నం అరుగంచున వరసగా ఉన్నాయి, మూతల మీద ఒక్కో రంగు చుక్కతో. అవి తను కలిపినవేనని కూడా ఆయనకి తెలియదు. అయినా నేను తిట్టిన తిట్లకి పని మొదలుపెట్టాడు. పల్చగా నారింజ వేసి, వేడిగాలి మిషను పట్టి ఆరబెట్టాడు. మెడ మీది అచ్చు మూసుకుపోతుంటే నా చేతిలో పిల్ల చెయ్యి వెచ్చబడింది, బరువెక్కింది. గోళ్ళు గుచ్చుకున్నాయి. అంత హాయైన నొప్పి నాకెప్పుడూ తెలియదు.

"పెద్దమ్మాయ్! నువ్వెప్పుడొచ్చావే?" అన్నాడు ఆయన, కుంచె పట్టుకునే.

"మాటలు తర్వాత. ఊదా వెయ్యండి."

ఆయన ఆగాడు. "నారింజ మీద ఊదాయేనా? ఉండు, పొట్ట కింద చూసి చెప్తాను."

"చూడనక్కర్లేదు!" ఒంటికాలి మీద లేచాను. "ఏటేటా పిల్లని తీసుకొచ్చి ఎక్కించింది నేను. నాకు తెలియదా? నారింజ, ఊదా, తెలుపు. వెయ్యండి."

ఊదా డబ్బా అందించడానికి వంగి, మధ్యలో అడ్డమున్న ఇంకో డబ్బాని కాలితో పక్కకి నెట్టేశాను.

తెలుపు ఆరేసరికి సాయంత్రమైంది. ఆయన తల విదిలించుకుని, ఇంట్లో గడియ కొనాలి, గుర్తు చెయ్యి అన్నాడు. అది మా ఆయనే. అక్కడే కూలబడి ఏడ్చేశాను. గేటు దగ్గర వాచ్‌మన్, "పాపని వానలో తడపకండమ్మా" అని తన గొడుగు ఇచ్చాడు. మర్నాడు బస్సు ఆగింది. ఫొటోలో మధ్యన పెద్దమ్మాయి పళ్ళికిలిస్తూ ఉంది. నీలం కుదరదని మేనేజర్‌కి చెప్పేసి, మా ఆయన ఫోన్లో ఆ గ్రూపు కూడా తనే తీసేశాడు. ఇంతకంటే నాకేం కావాలి అనుకున్నాను.

అయినా వంట మిగులుతూనే ఉంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, డబ్బాలు సర్దేసి వస్తానని వెళ్ళిన మనిషి ముఖం పాలిపోయి తిరిగొచ్చాడు. చేతిలో ఒక డబ్బా. మూత మీద ఆకుపచ్చ చుక్క.

"పొట్ట కింద చూశాను" అన్నాడు. "నారింజకీ ఊదాకీ మధ్య ఆకుపచ్చ మెట్టు ఉంది. మనం వెయ్యలేదు."

"వెయ్యకపోతేనేం? అందరం ఉన్నాంగా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"ఆకుపచ్చ ఒకటి రెండేళ్ళది కాదే. మందంగా ఉంది. అదే రంగు మళ్ళీ మళ్ళీ వేసినట్టున్నాను. నాకు వేసినట్టే గుర్తు లేదు."

పెద్దమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. "నాన్నా, ఒకటి అడగనా? ఈ కొక్కెం ఇంత కిందికి ఎందుకు కొట్టావు?"

తలుపు వెనక, నా నడుం ఎత్తులో కొక్కెం. దానికి ఎర్ర రెయిన్‌కోటు, చాలా చిన్నది. రోజూ దాని మీదే నా గొడుగు తగిలిస్తున్నాను. ఒక్కసారి కూడా అదేమిటని చూడలేదు. పీట కింద వెతికితే దువ్వెన, రిబ్బను దొరికాయి. దువ్వెన పళ్ళలో పొడుగాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. అది నాదీ కాదు, పెద్దమ్మాయిదీ కాదు.

"ఇంకోటి" అంది అది మెల్లగా. "నేనొక్కదాన్నే కదా. మరి నన్ను పెద్దమ్మాయి అని ఎందుకు పిలుస్తారు?"

ముగ్గురం నేల మీద కూర్చుండిపోయాం. నాకు ముఖం గుర్తు లేదు. పేరు గుర్తు లేదు. ఏ పాటకి నిద్రపోయేదో, దేనికి మారాం చేసేదో, ఏదీ లేదు. తలుచుకుని ఏడవడానికి ఒక్క మాటైనా మిగల్లేదు. ఆ డబ్బాని కాలితో నెట్టింది మాత్రం బాగా గుర్తుంది.

చివరికి ఆయనే అన్నాడు. "తెలుపూ ఊదా మళ్ళీ గీకాలి. నారింజ దగ్గర ఆపి, దాని మీద ఆకుపచ్చ వెయ్యాలి. ఒక్క గీత లోతుకి పోయినా ఇది కూడా..." పెద్దమ్మాయి వంక చూసి మాట మింగేశాడు. "అప్పటికి నా మతి నా దగ్గర ఉండదు. ఎక్కడ ఆపాలో, తర్వాత ఏ రంగో నువ్వే చెప్పాలి."

"నేనూ మర్చిపోతే?"

"పొట్ట కింద చూడు."

పాత రోజులంటే నాకు పడదని ఇన్నేళ్ళూ ఆయన్ని ఆడిపోసుకున్నాను. ఇప్పుడు నాకు తెలియని పాత రోజుల కోసం అందరికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మం దిగింది నేనే.

టార్పాలిన్ల లోపలికి వెళ్ళాక డబ్బా మూత తీసి, బొటనవేలు ఆకుపచ్చలో ముంచాను. పెద్ద గుర్రం కింద చెక్కల మీద వెల్లకిలా పడుకున్నాను. గుండెల మీద ఎర్ర రెయిన్‌కోటు పెట్టుకున్నాను. ఒక చేత్తో పెద్దమ్మాయి మణికట్టు పట్టుకున్నాను.

"నొప్పెడుతోందమ్మా, అంత గట్టిగా పట్టుకోకు."

"పట్టుకోనీవే."

పైన రేకు తెలుపు మీద పడ్డ చప్పుడు వినపడింది. పొడి నా ముఖం మీద రాలుతోంది. కళ్ళు మూసుకోకుండా ఆ మెట్ల వంకే చూస్తూ, ఆకుపచ్చ, ఆకుపచ్చ అని పైకి అంటూ ఉన్నాను.