చిన్న నాయనమ్మ ఇంటి దగ్గర ఐదు నిమిషాలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నాయనమ్మ, బాబాయి, పిన్ని, నేను. బాబాయి వాళ్లుండేది వెనక వీధిలోనే అయినా, భోజనాల వేళకు వాళ్లనూ మా ఇంటి లెక్కలోనే వేస్తాం. నేనున్నానని మాత్రం ఎవరికీ గుర్తుండదు. మాట్లాడకుండా ఒక మూల కూర్చుంటే మనిషి కూడా సామానులో కలిసిపోతుంది. బాబాయి నన్ను నత్త అని పిలుస్తాడు.

బాబాయి బడిపిల్లల వ్యాను నడుపుతాడు. సెలవులు కాబట్టి వ్యాను ఖాళీ. అందులో అందరం ఒక రోజు ప్రయాణం పెట్టుకున్నాం. అసలు అది నాయనమ్మ కోసం. ఆవిడ చెల్లెలు, మా చిన్న నాయనమ్మ, కొండ కింద ఊళ్లో ఉంటుంది. ఇద్దరూ కలుసుకుని ఏళ్లయింది. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటారు గానీ, చిన్న నాయనమ్మకు దగ్గర కూర్చుని చెబితే తప్ప సరిగా వినపడదు. ఫోన్లో నాయనమ్మ అరిచి చెప్పే మాట వీధి చివర సైకిల్ షాపు దాకా వినబడుతుంది. అందుకని ఎండ, వాన, మోకాళ్ల నొప్పులు మాత్రమే మాట్లాడుకుంటారు. "మిగతావి కలిసినప్పుడు చెప్తాలేవే" అని ప్రతిసారీ ఫోన్ పెట్టేస్తుంది నాయనమ్మ. ఆ మిగతావి ఏళ్ల తరబడి పోగుపడి ఉన్నాయి.

పిన్ని మందుల షాపులో పనిచేస్తుంది. అక్కడెవరో చెప్పారని ఒక ప్రయాణాల యాప్ అందరి ఫోన్లలోకీ ఎక్కించింది. ఎవరు ఏ చోటు చేర్చినా అందరికీ కనబడుతుంది. దారి అదే కలుపుతుంది. చీకటి పడేలోగా ఇల్లు చేరలేమనుకుంటే ఎర్రగా చూపిస్తుంది.

ముందు చిన్న నాయనమ్మ ఇల్లు చేర్చారు. దారిలోనే కదా అని అమ్మ బట్టల బజారు, పిన్ని జలపాతం, బాబాయి ఆనకట్ట చేర్చారు. ఆ తరవాత పూలతోట, గిన్నెల దుకాణం కూడా వచ్చాయి. చేతికి ఎముక లేనట్టు చేరుస్తూ పోయేసరికి తెరంతా ఎర్రబడింది.

"ఇటివ్వండి" అన్నాడు నాన్న.

నాన్న బస్సు కండక్టరు. ప్రయాణం సంగతి వస్తే మా ఇంట్లో ఆయన మాటే మాట. ఒక్కో చోటు పక్కన, అక్కడ ఎంతసేపు ఆగుతారో రాయడానికి ఒక గడి ఉంది. నాన్న ఆ గడులను గబగబా నింపేశాడు. జలపాతానికి ఐదు నిమిషాలు. ఆనకట్టకు ఐదు. బట్టల బజారు పెద్ద స్టాపు కాబట్టి పది. ఎరుపంతా పోయి తెర పచ్చగా మారింది.

"పది నిమిషాల్లో చీర కాదు కదా, పిన్నీసు కూడా కొనలేను" అంది అమ్మ.

"ఏ రంగు కావాలో దిగకముందే అనుకోవాలి."

"విజిల్ కూడా తెస్తాడేమో వదినా, జాగ్రత్త" అన్నాడు బాబాయి.

అందరూ నవ్వారు. చిన్న నాయనమ్మ ఇంటి గడిలో కూడా ఐదే ఉంది. నాన్నది చెడ్డ మనసేమీ కాదు. ఐదు నిమిషాలకు మించి ఆగిందంటే ఆయన లెక్కలో అది చెడిపోయిన బస్సు.

"ఐదేనారా?" అంది నాయనమ్మ.

"ఎక్కువ ఆగితే మిగతావి పోతాయమ్మా. ఫోన్లో ఎలాగూ మాట్లాడుకుంటూనే ఉన్నారుగా."

"సరేలే. మొహం చూస్తే చాల్లే" అని లేచి గదిలోకి వెళ్లింది.

కాసేపటికి నేనూ వెళ్లాను. ముందే సర్దుకున్న సంచిలోంచి పాత ఫోటోలు తీసి అలమరలో పెట్టేస్తోంది.

"ఎందుకు తీసేస్తున్నావ్ నాయనమ్మా?"

"ఇవి చూపించే టైమెక్కడిదే? నేను కళ్లజోడు పెట్టుకునేలోపే మీ నాన్న రైట్ రైట్ అంటాడు."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూడలేకపోయాను.

బడిలో పాఠం చదవమంటేనే నా గొంతు అరికాళ్లలోకి జారిపోతుంది. ఇంతమందిలో నాన్నకు ఎదురు చెప్పడం నావల్ల కాదు. కానీ అమ్మ పాత ఫోను నా దగ్గరే ఉంది, అందులోనూ నత్త అన్న పేరుతో ఆ యాప్ ఉంది. పెరటి గుమ్మంలో కూర్చుని, చిన్న నాయనమ్మ గడిలో ఐదు నిమిషాలు తీసేసి మూడు గంటలు పెట్టాను. యాప్ కాసేపు గిరగిరా తిరిగి, జలపాతం, ఆనకట్ట, పూలతోట, గిన్నెల దుకాణం ఒక్కొక్కటే పక్కన పడేసింది. బట్టల బజారు ఒక్కటే మిగిలింది.

ఎవరేం మార్చినా అది గంట కొట్టి మరీ అందరికీ చెబుతుందని నాకు తెలియదు. ముందు గదిలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.

"నా జలపాతమేది?" అంది పిన్ని.

"నా ఆనకట్ట కూడా కొట్టుకుపోయింది" అన్నాడు బాబాయి. తరవాత తెర కిందికి జరిపి చూశాడు. "మార్చింది నత్త అని చూపిస్తోంది. నత్తా, ఓసారి ఇలా రా."

వెళ్లి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నాన్నకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"ఒక్క స్టాపు కోసం నాలుగు స్టాపులు ఎత్తేశావేంటమ్మా?"

ఎవరైనా వెళ్లమంటారేమోనని చూశాను. ఎవరూ వెళ్లమనలేదు. ఇక తప్పలేదు.

"చిన్న నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు కదా. లేచొచ్చి తలుపు తీయడానికే ఐదు నిమిషాలు పడుతుంది. తీసేసరికి మనం వెళ్లిపోతాం నాన్నా."

ముందు బాబాయి నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. నాయనమ్మ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఇంకా కొన్ని ఫోటోలున్నాయి.

"అవేంటమ్మా?"

"ఏం లేదురా, దాచిపెడుతున్నా."

నాన్న లేచి వాటిని తీసుకున్నాడు. గదిలోకి వెళ్లి, అలమరలోవి కూడా తీసి అన్నీ మళ్లీ సంచిలో పెట్టాడు. బయటికొచ్చి, "ఈ స్టాపు ఇలాగే ఉంటుంది. ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

"ఇన్నాళ్లకు నత్త నోరు తెరిస్తే నా జలపాతమే ఎండిపోయింది" అని పిన్ని మూతి ముడిచింది గానీ, వెళ్తూ నా బుగ్గ గిల్లింది.

ప్రయాణం రోజు మా వ్యాను మలుపు తిరిగేసరికే చిన్న నాయనమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎంతసేపయిందే నిలబడి?" అంది నాయనమ్మ.

"పొద్దున్నించీ."

"ముసలిదానివైపోయావే."

"నీకన్నా చిన్నదాన్నే."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లోపలి గదిలోకి నడిచారు. మిగిలినవాళ్లు వసారాలో కూలబడ్డారు. నాన్నకు అంతసేపు ఒకేచోట ఆగడం అలవాటు లేక, వ్యాను చుట్టూ తిరిగి టైర్లు నొక్కి చూస్తున్నాడు. నేను సంచి పట్టుకుని వాళ్ల వెనకే వెళ్లాను. ఆ మిగతావి ఏమిటో వినాలని నాకెప్పటినుంచో ఆశ. ఇంత చేశాక ఆ మాత్రం హక్కు ఉందనిపించింది కూడా. సంచి మంచం మీద పెట్టి, కింద చాప మీద కూర్చోబోయాను.

"పెట్టావుగా. ఇక వెళ్లమ్మా" అంది నాయనమ్మ.

"నేనేం మాట్లాడను నాయనమ్మా. ఊరికే కూర్చుంటా."

"మాట్లాడవు సరే. వింటావుగా."

నా భుజాలు పట్టి గుమ్మం దాటించి, తలుపు వేసేసింది.